ఒక్క పోర్ట్‌కి వచ్చే ట్రాఫిక్‌ని నాలుగు పోర్ట్‌లకు పంచడం ఎలా? ఐపీటేబుల్స్ పంపకాల లెక్క

రాస్‌ప్‌బెర్రీ పై 4లో నాలుగు కోర్లు ఉంటాయి. దాని మీద నోడ్ జేఎస్‌తో రాసిన చిన్న వెబ్ యాప్ పెట్టి, లింక్ ఫ్రెండ్స్ గ్రూపుల్లో వేశారనుకోండి. జనం పెరిగేకొద్దీ సైట్ నెమ్మదిస్తుంది. హెచ్‌టాప్ తెరిచి చూస్తే, ఆ యాప్ ప్రాసెస్ 100 శాతం దగ్గర ఆగిపోయి ఉంటుంది. అంటే ఒక కోర్ చెమటోడుస్తోంది, మిగతా మూడూ దాదాపు ఖాళీగా కూర్చున్నాయి. కారణం సింపుల్. మనం రాసిన జావాస్క్రిప్ట్ కోడ్‌ని నోడ్ జేఎస్ మామూలుగా ఒకే థ్రెడ్‌లో నడుపుతుంది. కాబట్టి ఒక ప్రాసెస్‌తో ఇంచుమించు ఒక కోర్ పనే జరుగుతుంది.

దీనికి అందరూ చేసే పని, అదే యాప్‌ని నాలుగు కాపీలుగా నడపడం. ఒకటి 3001 పోర్ట్ మీద, మిగతావి 3002, 3003, 3004 మీద. కానీ బయటి నుంచి వచ్చే జనం వీటిలో దేన్నీ అడగరు కదా, అందరూ వచ్చేది 80 పోర్ట్‌కే. అక్కడ నిలబడి "నువ్వు ఇటు, నువ్వు అటు" అని పంపేవాళ్లు ఎవరు? ఎన్‌జిన్‌ఎక్స్, హెచ్ఏప్రాక్సీ లాంటి సాఫ్ట్‌వేర్లు ఆ పని చేస్తాయి. అయితే వేరే ఏదీ ఇన్‌స్టాల్ చేయకుండా, లినక్స్‌లో ముందే ఉన్న ఫైర్‌వాల్‌తోనే నాలుగు రూల్స్ రాసి ఈ పని చేయించొచ్చు. ఇదేదో చిట్కా వైద్యం అనుకోకండి. కుబర్నెటిస్‌లో కూబ్‌ప్రాక్సీ అనే భాగం, ఐపీటేబుల్స్ మోడ్‌లో నడిచేటప్పుడు, ట్రాఫిక్‌ని పంచేది ఇదే పద్ధతిలో.

నాలుగు రూల్సే కదా అని చకచకా రాసేస్తే మాత్రం మూడింట ఒక వంతు జనానికి సైట్ అసలు తెరుచుకోకపోవచ్చు. ఎందుకలా అవుతుందో లెక్క వేసి చూద్దాం.

ముందు న్యాట్ గురించి రెండు ముక్కలు

నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్, అంటే న్యాట్, మీరు రోజూ వాడుతున్నదే. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్ కనెక్ట్ చేసినప్పుడు, ల్యాప్‌టాప్ నుంచి వచ్చిన ప్యాకెట్ మీద ఉన్న "ఫ్రమ్" అడ్రస్‌ని చెరిపేసి ఫోన్ తన అడ్రస్ రాస్తుంది. జవాబు తిరిగి రాగానే మళ్లీ ల్యాప్‌టాప్ అడ్రస్ రాసి లోపలికి పంపుతుంది. ఇంట్లో వైఫై రౌటర్ చేసేదీ ఇదే.

మనం ఇక్కడ మార్చేది రెండో వైపు, అంటే "టు" అడ్రస్. 80 పోర్ట్ అని రాసి ఉన్న కవర్ మీద ఆ 80 కొట్టేసి 3002 అని రాస్తాం. ఈ పని చేసే ఐపీటేబుల్స్ 2001 జనవరిలో లినక్స్ కెర్నల్ 2.4తో వచ్చింది. అందులో న్యాట్ అనే టేబుల్ ఉంటుంది. ఆ టేబుల్‌లో ప్రీరౌటింగ్ అనే చైన్ ఉంటుంది. ప్యాకెట్ మెషిన్‌లోకి అడుగుపెట్టాక, ఎటు వెళ్లాలో కెర్నల్ నిర్ణయించే ముందే ఈ చైన్‌లోని రూల్స్ పై నుంచి కిందికి వరసగా చూస్తుంది. ఒక రూల్ సరిపోయి, అది ప్యాకెట్‌ని వేరే పోర్ట్‌కి పంపేస్తే, కింది రూల్స్‌తో ఇక పని లేదు. ఈ "వరసగా" అన్న మాట గుర్తుపెట్టుకోండి, అసలు కథంతా అందులోనే ఉంది.

పోర్ట్ మార్చడానికి రీడైరెక్ట్ అనే టార్గెట్ వాడతాం. ఇది అదే మెషిన్‌లో వేరే పోర్ట్‌కి పంపుతుంది. వేరే మెషిన్‌కి పంపాలంటే డీన్యాట్ టార్గెట్ వాడాలి. ఇక ఎవరిని ఎటు పంపాలో ఎంచడానికి స్టాటిస్టిక్ అనే మాడ్యూల్ ఉంది. దానికి రెండు మోడ్‌లు. ఎన్త్ మోడ్‌లో "ప్రతి ఇన్నింటిలో ఒకటి" అని చెప్తాం. ర్యాండమ్ మోడ్‌లో "ఇంత సంభావ్యతతో" అని చెప్తాం.

నలుగురు అన్నదమ్ముల పంపకం

నాలుగు పోర్ట్‌లు ఉన్నాయి కాబట్టి ప్రతి రూల్‌లోనూ "నాలుగింటిలో ఒకటి" అని రాస్తే సరిపోతుందనిపిస్తుంది. చూడ్డానికి న్యాయంగానే ఉంటుంది. ఇప్పుడు 256 కొత్త కనెక్షన్లు వచ్చాయనుకుని లెక్క వేద్దాం.

మొదటి రూల్ 256లో నాలుగో వంతు, అంటే 64 తీసుకుని 3001కి పంపుతుంది. మిగిలినవి 192. రెండో రూల్ దాకా వచ్చేవి ఆ 192 మాత్రమే. అందులో నాలుగో వంతు అంటే 48. ఇవి 3002కి వెళ్తాయి. మిగిలిన 144లో మూడో రూల్ 36 తీసుకుంటుంది. మిగిలిన 108లో నాలుగో రూల్ 27 తీసుకుంటుంది.

మొత్తం కలిపితే 175. మరి మిగతా 81 ఏమయ్యాయి? ఏ రూల్‌కీ దొరక్కుండా, 80 పోర్ట్ అన్న అడ్రస్‌తోనే కిందికి జారిపోయాయి. 80 మీద వినేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి ఆ 81 మందికి "కనెక్షన్ రెఫ్యూజ్డ్" వస్తుంది. శాతంలో చెప్తే 31.6. మూడింట ఒక వంతుకి దగ్గర.

దీన్ని ఆస్తి పంపకంలా ఆలోచిస్తే సులువు. నలుగురు అన్నదమ్ములు వరసగా వచ్చి తమ వాటా తీసుకుంటున్నారు. పెద్దవాడు మొత్తంలో నాలుగో వంతు తీసుకుంటాడు. రెండోవాడు వచ్చేసరికి ఎదురుగా ఉన్నది మిగిలిన ముక్క, వాటాదారులు ముగ్గురు. కాబట్టి అతను తీసుకోవాల్సింది మిగిలినదాంట్లో మూడో వంతు. మూడోవాడు మిగిలినదాంట్లో సగం. చివరివాడికి వాటా లెక్కే అక్కర్లేదు, మిగిలిందంతా అతనిదే.

అంటే సరైన రూల్స్ ఇలా ఉండాలి.

రూల్ 1: టీసీపీ, 80 పోర్ట్, ప్రతి 4లో ఒకటి, 3001కి రీడైరెక్ట్.
రూల్ 2: టీసీపీ, 80 పోర్ట్, ప్రతి 3లో ఒకటి, 3002కి రీడైరెక్ట్.
రూల్ 3: టీసీపీ, 80 పోర్ట్, ప్రతి 2లో ఒకటి, 3003కి రీడైరెక్ట్.
రూల్ 4: టీసీపీ, 80 పోర్ట్, షరతు లేదు, 3004కి రీడైరెక్ట్.

మళ్లీ 256తో చూడండి. మొదటిది 64. మిగిలిన 192లో మూడో వంతు 64. మిగిలిన 128లో సగం 64. చివరికి మిగిలింది 64. లెక్క సరిపోయింది.

ర్యాండమ్ మోడ్‌లో రాస్తే ఇవే వాటాలు 0.25, 0.3333, 0.5 అవుతాయి, చివరిది షరతు లేకుండా. కుబర్నెటిస్ క్లస్టర్ మీ దగ్గర ఉంటే ఏదైనా నోడ్‌లో న్యాట్ టేబుల్ తెరిచి చూడండి. మూడు పాడ్‌లు ఉన్న సర్వీస్‌కి మొదటి రూల్‌లో 0.333తో మొదలయ్యే సంఖ్య, రెండో దాంట్లో 0.5 కనిపిస్తాయి, మూడో దాంట్లో సంభావ్యత అసలు ఉండదు. ఇదెందుకు ఇలా ఉందో ఇక మీకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎన్త్ బెటరా, ర్యాండమ్ బెటరా?

ఎన్త్ మోడ్ కచ్చితంగా వంతుల ప్రకారం పోతుంది. మొదటి కనెక్షన్ 3001కి, రెండోది 3002కి, ఐదోది మళ్లీ 3001కి. టెస్ట్ చేసేటప్పుడు ఇదే హాయి, ఎటు పోతుందో ముందే చెప్పొచ్చు. ర్యాండమ్ మోడ్‌లో 20 కనెక్షన్లు పంపితే ఒక్కోదానికి సరిగ్గా ఐదు రావు. ఒకదానికి ఎనిమిది, ఇంకోదానికి మూడు రావొచ్చు. వేలల్లోకి వెళ్లేసరికి అది దానంతటదే సర్దుకుంటుంది. చిన్న సైట్‌కి ఎన్త్, పెద్ద ట్రాఫిక్‌కి ఏదైనా ఒకటే.

పంచేది కనెక్షన్లని, పనిని కాదు

ఇక్కడే చాలామందికి తేడా కొడుతుంది. రూల్స్ రాసి, బ్రౌజర్‌లో పేజీ తెరిచి పది సార్లు రిఫ్రెష్ కొడతారు. పది సార్లూ 3001 కాపీయే జవాబిస్తుంది. రూల్స్ పనిచేయట్లేదనుకుని అన్నీ చెరిపేసి మొదటికొస్తారు.

రూల్స్ బాగానే ఉన్నాయి. న్యాట్ టేబుల్‌ని కెర్నల్ చూసేది ఒక కనెక్షన్‌లోని మొదటి ప్యాకెట్ వచ్చినప్పుడే. "ఈ కనెక్షన్ 3001కి" అని అప్పుడు తేలిన నిర్ణయం కనెక్షన్ ట్రాకింగ్ అనే పట్టికలో రాసిపెట్టుకుంటుంది. ఆ తర్వాత అదే కనెక్షన్‌లో వచ్చే వేల ప్యాకెట్లు రూల్స్ దగ్గరికి రావు, నేరుగా ఆ పట్టిక చూసి పోతాయి. ఇలా ఉండటం మంచిదే. ఒకే డౌన్‌లోడ్‌లోని ప్యాకెట్లు నాలుగు ప్రాసెస్‌లకి చెల్లాచెదురైతే ఏ ఒక్కదానికీ ఏమీ అర్థం కాదు. బ్రౌజర్ మాత్రం ఒకసారి తెరిచిన కనెక్షన్‌ని వెంటనే మూయదు, తర్వాతి రిక్వెస్టులకీ దాన్నే వాడుకుంటుంది. అందుకే రిఫ్రెష్ కొట్టినా అదే పోర్ట్.

కాబట్టి టెస్ట్‌కి బ్రౌజర్ పనికిరాదు. కర్ల్ కమాండ్‌ని లూప్‌లో పెట్టి 40 సార్లు నడపండి, ప్రతిసారీ కొత్త కనెక్షన్ తెరుచుకుంటుంది. ఆ తర్వాత న్యాట్ టేబుల్ రూల్స్‌ని కౌంటర్లతో సహా లిస్ట్ చేసి చూడండి. అక్కడ ప్యాకెట్లు అని కనిపించే సంఖ్య నిజానికి కనెక్షన్ల సంఖ్య, ఎందుకంటే లెక్కకి వచ్చేది మొదటి ప్యాకెట్ ఒక్కటే. ఎన్త్ మోడ్‌లో, మధ్యలో వేరేవాళ్లు ఎవరూ రాకపోతే, ఒక్కో రూల్ దగ్గర కొత్తగా 10 చొప్పున పెరగాలి.

దీని వెనక ఇంకో సంగతి ఉంది. ఒకరు చిన్న పేజీ చూసి వెళ్లిపోతారు. ఇంకొకరు వెబ్‌సాకెట్ తెరిచి రెండు గంటలు చాట్ చేస్తారు. ఫైర్‌వాల్ దృష్టిలో ఇద్దరూ చెరో కనెక్షన్, అంతే. ఏ ప్రాసెస్ మీద ఎంత బరువుందో దానికి తెలీదు. సమానంగా పంచినా ఒక కోర్ మళ్లీ 100 దగ్గర కనిపిస్తే తప్పు రూల్స్‌ది కాదు.

ఒక కాపీ పడిపోతే?

ఇది అన్నిటికంటే సీరియస్ విషయం. 3003 మీద నడుస్తున్న కాపీ క్రాష్ అయిందనుకోండి. ఫైర్‌వాల్‌కి ఆ కబురు ఎవరూ చెప్పరు, అది తన వంతు ప్రకారం నాలుగింటిలో ఒకదాన్ని అక్కడికే పంపుతూ ఉంటుంది. ఆ పావు వంతు కనెక్షన్లకి ఎర్రర్ వస్తుంది. అంతకంటే ఇబ్బంది ఏంటంటే, ఆ యూజర్ రిఫ్రెష్ కొట్టగానే కొత్త కనెక్షన్ తెరుచుకుని ఇంకో పోర్ట్‌కి వెళ్తుంది, సైట్ మామూలుగా వచ్చేస్తుంది. దాంతో "నా నెట్‌లోనే ఏదో సమస్య" అనుకుని ఊరుకుంటారు. మీకు ఎవరూ చెప్పరు. మీరు తెరిచి చూసినా నాలుగుసార్లలో మూడుసార్లు బాగానే వస్తుంది. రోజుల తరబడి ఇలాగే నడిచిపోవచ్చు.

ప్రాసెస్ క్రాష్ అవ్వకుండా బిగుసుకుపోతే ఇంకా దారుణం. పోర్ట్ తెరిచే ఉంటుంది, కెర్నల్ కనెక్షన్ కుదురుస్తుంది, జవాబు మాత్రం రాదు. యూజర్‌కి తిరుగుతున్న చక్రం తప్ప ఏమీ కనపడదు.

మరి కుబర్నెటిస్ ఇదే పద్ధతి వాడుతూ ఎలా నెట్టుకొస్తోంది? అక్కడ రూల్స్ ఒక్కటే లేవు, కాపలా వేరుగా ఉంది. ప్రతి పాడ్ ట్రాఫిక్ తీసుకోడానికి సిద్ధంగా ఉందో లేదో రెడీనెస్ ప్రోబ్‌తో కూబ్‌లెట్ అనే ప్రోగ్రామ్ పదే పదే అడిగి చూస్తుంది. సిద్ధంగా లేని పాడ్‌ని జాబితాలోంచి తీసేస్తారు, వెంటనే కూబ్‌ప్రాక్సీ మిగిలినవాటితో రూల్స్ మళ్లీ రాస్తుంది.

మీరూ చిన్న స్థాయిలో ఇలాగే చేయొచ్చు. ఐదు సెకన్లకోసారి నాలుగు పోర్ట్‌లనీ కర్ల్‌తో, చిన్న టైమ్‌అవుట్ పెట్టి, అడిగే స్క్రిప్ట్ రాయండి. జవాబిచ్చినవాటితో మాత్రమే రూల్స్ తయారు చేయించండి. ఒకటి పడిపోయి మూడే మిగిలితే వాటాలు 4, 3, 2 కాదు. 3, 2, ఆపై మిగిలిందంతా. మధ్యలోంచి ఒక రూల్ పీకేసి మిగతావి అలాగే వదిలేస్తే పంపకం మళ్లీ వంకర పోతుంది. 3003 రూల్ తీసేశారనుకోండి, 256లో 64, 64 పోను మిగిలిన 128 మొత్తం 3004 నెత్తిన పడతాయి.

ఇంకో జాగ్రత్త. ఈ రూల్స్‌ని నేరుగా ప్రీరౌటింగ్‌లో కుక్కకండి. సొంతంగా ఒక చైన్ చేసుకుని, ప్రీరౌటింగ్ నుంచి 80 పోర్ట్ ట్రాఫిక్‌ని అందులోకి పంపే రూల్ ఒక్కటి పెట్టండి. మార్చాల్సి వచ్చినప్పుడు ఐపీటేబుల్స్ రీస్టోర్ కమాండ్‌ని నోఫ్లష్ ఆప్షన్‌తో వాడి ఆ చైన్‌నే మొత్తంగా ఒకేసారి మార్చండి. ఒక్కో రూల్ తీసి, ఒక్కో రూల్ పెడుతూ పోతే ఆ మధ్యలో వచ్చినవాళ్లు ఇరుక్కుంటారు. నోఫ్లష్ మర్చిపోతే, అదే మెషిన్‌లో డాకర్ ఉంటే, దాని న్యాట్ రూల్స్ కూడా తుడిచిపెట్టుకుపోతాయి.

లాగిన్ ఎందుకు పోతోంది?

యూజర్ లాగిన్ అయ్యాడు, ఆ సంగతి 3001 కాపీ తన మెమరీలో దాచుకుంది. కాసేపాగి కొత్త కనెక్షన్ 3002కి వెళ్లింది. అక్కడ అతనెవరో ఎవరికీ తెలీదు. "మళ్లీ లాగిన్ అవ్వండి" అంటుంది. సరైన మందు ఏంటంటే, సెషన్‌ని ప్రాసెస్ మెమరీలో కాకుండా రెడిస్ లాంటి ఉమ్మడి చోట పెట్టడం. అప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లినా గుర్తుపడతారు. అది కుదరకపోతే, యూజర్ ఐపీ అడ్రస్‌ని బట్టి ఎప్పుడూ ఒకే పోర్ట్‌కి పంపే మార్గం ఉంది. కాకపోతే ఒక కాలేజీ హాస్టల్ మొత్తం ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఉంటే, హాస్టల్ అంతా ఒకే ప్రాసెస్ మీద పడుతుంది.

ఆన్ చేసే ముందు చూసుకోవాల్సినవి

ఒకటి, యాప్ ఎక్కడ వింటోంది? రీడైరెక్ట్ ప్యాకెట్‌ని, అది వచ్చిన నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్ అడ్రస్‌కే పంపుతుంది. యాప్ 127.0.0.1 మీద మాత్రమే వింటుంటే ఆ ప్యాకెట్ దానికి అందదు. 0.0.0.0 మీద వినేలా పెట్టండి.

రెండు, ఇన్‌పుట్ చైన్. పోర్ట్ మారాకే ప్యాకెట్ అక్కడికి వస్తుంది. కాబట్టి అక్కడ 80ని అనుమతిస్తే లాభం లేదు, 3001 నుంచి 3004 వరకు అనుమతించాలి. అలా బార్లా తెరిస్తే ఎవరైనా నేరుగా 3001కి కూడా రావొచ్చు. అది వద్దనుకుంటే కనెక్షన్ ట్రాకింగ్ మాడ్యూల్‌లో డీన్యాట్ అనే స్టేట్ ఉంది. "అడ్రస్ మార్పు జరిగి వచ్చినవాటినే రానివ్వు" అని దానితో చెప్పొచ్చు.

మూడు, అదే మెషిన్ నుంచి టెస్ట్ చేయకండి. మెషిన్‌లోనే పుట్టిన ట్రాఫిక్ ప్రీరౌటింగ్ గుండా పోదు, అవుట్‌పుట్ చైన్ గుండా పోతుంది. వేరే ల్యాప్‌టాప్ నుంచి గానీ, ఫోన్‌లో టెర్మక్స్ నుంచి గానీ చూడండి.

నాలుగు, ఐపీవీ6. ఐపీటేబుల్స్‌లో రాసినవి ఐపీవీ4కే వర్తిస్తాయి. ఐపీవీ6కి ఐపీ6టేబుల్స్‌లో విడిగా రాయాలి. జియో లాంటి మొబైల్ నెట్‌వర్క్‌లలో ఐపీవీ6 బాగా వాడుకలో ఉంది. మీ సర్వర్‌కి ఐపీవీ6 అడ్రస్ ఇచ్చి రూల్స్ మర్చిపోతే, ఇంట్లో వైఫైలో పనిచేసి ఫోన్ డేటాలో తేడా కొట్టే విచిత్రం ఎదురవ్వొచ్చు.

ఐదు, రీబూట్ చేస్తే రూల్స్ పోతాయి. పనిచేస్తున్నాయని నిర్ధారించుకున్నాక సేవ్ చేసుకోండి.

ఇంతకంటే మంచి దారి ఉందా?

ఉంది, అవసరాన్ని బట్టి. 2014లో కెర్నల్ 3.13తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ వచ్చింది. అందులో ఈ పంపకాల తిప్పలు లేవు. "0 నుంచి 3 వరకు వరసగా అంకెలు ఇవ్వు, 0 అయితే 3001, 1 అయితే 3002" అని ఒకే రూల్‌లో పట్టికలా రాసేయొచ్చు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ రౌటర్ సాఫ్ట్‌వేర్ కూడా 22.03 వెర్షన్ నుంచి దీనికే మారింది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఇదే నేర్చుకోవడం మంచిది.

నోడ్ జేఎస్ ఒక్కటే మీ సమస్య అయితే అందులోనే క్లస్టర్ మాడ్యూల్ ఉంది. అది ఒకే పోర్ట్ మీద చాలా ప్రాసెస్‌లని నడుపుతుంది, ఫైర్‌వాల్ జోలికే వెళ్లక్కర్లేదు. హెచ్‌టీటీపీఎస్, యూఆర్‌ఎల్‌ని బట్టి పంపడం, పడిపోయినవాటిని దానంతటదే పక్కన పెట్టడం కావాలంటే హెచ్ఏప్రాక్సీయో ఎన్‌జిన్‌ఎక్సో పెట్టుకోండి.

మరి ఫైర్‌వాల్ రూల్స్ ఎప్పుడు? మధ్యలో ఇంకో ప్రోగ్రామ్ వద్దనుకున్నప్పుడు, వచ్చినవాళ్ల అసలు ఐపీ అడ్రస్ యాప్‌కి నేరుగా కనపడాలనుకున్నప్పుడు, లేదా యాప్‌లో ఒక్క లైన్ కూడా మార్చే వీలు లేనప్పుడు ఇవి బాగా పనికొస్తాయి. రాసే ముందు కాగితం మీద 256 అని వేసుకుని ఒక్కో రూల్ దగ్గర ఎన్ని ఆగుతాయో తీసేస్తూ పోండి. చివరి రూల్ దాటాక సున్నా మిగలాలి. మిగల్లేదంటే, ఆ మిగిలిన సంఖ్య మీ సైట్ తెరుచుకోనివాళ్లది.